వంతులేసుకుంటేనే కొండ సైకిలు

ఏడాదిన్నర, రెండేళ్ళ పిల్ల ఉన్న ఇద్దరు సైకిలు పిచ్చివాళ్ళు నాలుగు రోజులు కొండల్లోకి పోదామనుకోగానే మొదలుపెట్టే పని ఒకటే. పిల్లను సైకిలు మీద ఎక్కడ కూర్చోబెట్టాలా అని వెతకడం. ముందు సీటా, వెనక సీటా, వెనకాల తగిలించే బండా? పది వీడియోలు చూసి, ఇరవై మంది అభిప్రాయాలు చదివి, ఒక సామాను కొంటారు. ఆ సామాను వెళ్ళగలిగే చోటు వెతికి, అక్కడ దొరికిన బసలో దిగుతారు. రెండో రోజు మధ్యాహ్నానికి పిల్ల ఏడుస్తూ, ఒకరు అలిసి, ఒకరు అలిగి, సైకిళ్ళు గోడకి ఆనుకుని ఉంటాయి.

లెక్క తలకిందులుగా మొదలైంది మరి. కొండ సైకిలు, అంటే మౌంటెన్ బైకు, సెలవులో పిల్లను మోసే సరంజామా మూడో విషయం. మొదటిది వంతులు, రెండోది బస. పిల్లతో కలిసి తొక్కడం రోజుకు ముప్పావు గంట ముచ్చట. అసలు తొక్కుడు అమ్మకొక వంతు, నాన్నకొక వంతు, విడివిడిగా, పిల్ల లేకుండా. "అలాగైతే కలిసి వెళ్ళడం దేనికి?" అని అడిగేవాళ్ళుంటారు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఈ వయసు పిల్లతో ఒకే పూట కుదరదు. పూటకొకటి చొప్పున అయితే రెండూ దొరుకుతాయి.

ముందే ఒక మాట. ట్రైల్ అన్నా ట్రైలర్ అన్నా చదవడంలో కలిసిపోతాయి కాబట్టి ఇక్కడ ట్రైల్‌ని బాట అనీ, ట్రైలర్‌ని లాగుడుబండి అనీ అంటాను.

వంతుల లెక్క

ఒకటి రెండేళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. పదమూడు గంటలు నిద్రకు పోయాయనుకుంటే మిగిలేది పదకొండు గంటల మెలకువ. తిండి, స్నానం, బట్టలు, మారాం కలిపి నాలుగు గంటలు తినేస్తాయి. మిగిలిన ఏడు గంటల్లోంచే మీ సెలవు రావాలి.

పిల్ల ఆరుకు లేస్తుందనుకోండి. ఆరున్నర నుంచి తొమ్మిది దాకా ఒకరి వంతు. అరగంట అప్పగింత. తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా రెండోవారి వంతు. పన్నెండున్నరకు పిల్ల కునుకు. నాలుగింటికి ముగ్గురూ కలిసి ఒక చిన్న చుట్టు. మర్నాడు వంతులు తారుమారు కావాలి, ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు. పొద్దున్నే బాట ఖాళీగా, చల్లగా ఉంటుంది. పది దాటాక ఎండ, జనం, దుమ్ము. రోజూ ఒకరికే పొద్దుటి వంతు పోతే మూడో రోజుకి మాటల్లో తేడా వస్తుంది.

కునుకు వేళ ఎవరూ తొక్కకూడదని నా గట్టి అభిప్రాయం. "పిల్ల పడుకుందిగా, ఒక గంట వెళ్ళొస్తా" అన్నదే ఎక్కువ సెలవుల్ని పాడుచేస్తుంది. పిల్లను చూసుకుంటున్న వంతు విశ్రాంతి కాదు, పని. ఇద్దరూ ఒకేసారి కూర్చోగలిగేది, నడుం వాల్చగలిగేది ఆ గంటన్నర, రెండు గంటలే. బ్రేకు ప్యాడ్లు చూసుకునేదీ, చెయినుకు నూనె వేసేదీ కూడా అప్పుడే. తాతో అమ్మమ్మో వెంట వస్తే కథ వేరు. అప్పుడు ఇద్దరూ కలిసి తొక్కే ఒకే ఒక్క అవకాశం ఆ కునుకు. దాన్ని అందుకు వాడుకుని, మిగతా వంతులు తగ్గించుకోవచ్చు. కొత్త ఊళ్ళో కొత్త ఆయా చేతిలో మొదటి రోజే పిల్లను పెట్టి వెళ్ళిపోవడం మాత్రం పనిచేయదు. ముందు రోజు గంటసేపైనా ఆవిడతో మీరూ ఉండాలి.

వంతును తొక్కిన సమయంతో కాదు, తలుపు దగ్గర్నుంచి తలుపు దాకా కొలవాలి. రెండున్నర గంటల వంతులో బట్టలు, టైరు గాలి, సీసాలు కలిపి పావుగంట. పంక్చరుకో, చెయిను తెగడానికో దాచిపెట్టాల్సింది ఇరవై నిమిషాలు. రెండు గంటల లోపే అసలు తొక్కుడు. రాత్రే సీసాలు నింపి, టైర్లకు గాలి కొట్టి, బట్టలు ఒక చోట పెట్టుకుంటే పావుగంట ఐదు నిమిషాలవుతుంది.

ఎక్కడ వెనక్కి తిరగాలో కూడా గడియారమే చెప్పాలి. బస దగ్గర బాట కిందికి దిగుతూ మొదలైతే ఇది మరీ ముఖ్యం. దిగడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టిన చోటు ఎక్కి రావడానికి గంట పైన పడుతుంది. కాబట్టి ముందు దిగుడు ఉన్న చుట్టులో, వంతులో మూడో భాగం గడిచేసరికి ఎక్కడున్నా తిరగాలి. ముందు ఎక్కుడు ఉంటే మూడింట రెండు భాగాల దాకా పోవచ్చు. అందుకే ఎంచుకునే అవకాశముంటే లోయ అడుగున బస నయం, అలిసిన కాళ్ళతో ఇంటికి దిగి రావచ్చు.

సంచిలో ట్యూబు, ట్యూబ్‌లెస్ టైరు ప్లగ్గులు, పంపు, తెగిన చెయినును కలిపే క్విక్ లింకు, మీ సైకిలుకు సరిపోయే డిరెయిలర్ హ్యాంగరు (వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టించే ముక్క) ఉండాలి. ఇవి లేక నడిచి వచ్చే గంట మీది కాదు, రెండోవారి వంతులోంచి పోతుంది.

అందరూ వదిలేసే సంగతి ఒకటుంది. మీరు టైముకు రాకపోతే ఇంట్లో ఉన్నవారు పిల్లను చంకనేసుకుని బాట మీద వెతకలేరు. ఫోను సిగ్నలు లేని కొండల్లో "ఏమైందో" అన్న ఆందోళన ఒక పూటను మింగేస్తుంది. కాబట్టి వెళ్ళేముందు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి: ఏ చుట్టు, ఏ దిశలో, ఎన్నింటికి రాక, ఎన్ని నిమిషాలు దాటితే ఎవరికి ఫోను. రాక తొమ్మిదింటికైతే, తొమ్మిది ముప్పావుకు స్థానిక సహాయ నంబరుకు ఫోను. ఈ గడువు ముందే ఒప్పుకుని ఉంటే ఫోను చేయడానికి మొహమాటం ఉండదు. ఒంటరిగా వెళ్తూ రాసిన చుట్టును మధ్యలో మార్చుకోకూడదు, ఎంత బాగున్నా.

వంతుకు ఇంకో షరతు, ఇది నలుగురికీ నచ్చదు. పిల్ల పుట్టక ముందు తొక్కిన బాట కంటే ఒక మెట్టు తక్కువ బాట ఎంచుకోవాలి. నైపుణ్యం తగ్గిందని కాదు. కొండ సైకిలు పడితే విరిగేవి ఎక్కువగా భుజం దగ్గరి కాలరు ఎముక, మణికట్టు. కాలరు ఎముక అతకడానికి పెద్దవాళ్ళకు ఆరు నుంచి పన్నెండు వారాలు. అన్నాళ్ళూ పన్నెండు కిలోల పిల్లను ఎత్తుకోవడం, డైపరు మార్చడం, కారు సీటులో కట్టడం, తిరుగు ప్రయాణంలో కారు నడపడం అన్నీ ఒక్కరి మీదే పడతాయి. పైగా రాత్రి రెండుసార్లు లేచిన మనిషికి బ్రేకు మీద వేలు ఆలస్యంగా పడుతుంది. మొదటి రోజు ఇది బాగా తెలుస్తుంది.

బస బాట పక్కనే

పేరున్న బాటలకు నలభై నిమిషాల దూరంలో ఉన్న మంచి బస కంటే, మామూలు బాటలకు రెండు కిలోమీటర్ల లోపున్న మామూలు బస ఎన్నో రెట్లు మేలు. కారులో ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కించే ప్రతి ప్రయాణమూ వంతులో గంట తినేస్తుంది. పైగా కునుకు కారులో ఇరవై నిమిషాల్లో అయిపోయి సాయంత్రమంతా చెడుతుంది. గుమ్మంలోంచే సైకిలు ఎక్కగలిగితే కారు అసలు కదలదు.

వంటగది ఉండాలి. పడకగది విడిగా, చీకటి చేయగలిగేలా ఉండాలి. ఇద్దరూ గుసగుసలాడుతూ ఎనిమిదింటికే దీపాలార్పి కూర్చోవడం సెలవు కాదు. నేల అంతస్తు అయితే మంచిది, సైకిలు కడగడానికి గొట్టం ఉంటే ఇంకా మంచిది. మెట్లకు తలుపు లేని మేడ బస అయితే పిల్లను చూసుకునేవారి వంతు కాపలా డ్యూటీగా మారుతుంది.

ఎన్ని రాత్రులు? మూడుకు తగ్గితే వెళ్ళొద్దంటాను. కొత్త చోట మొదటి రాత్రి పిల్ల సరిగా నిద్రపోదు, మర్నాడు అందరూ తూగుతారు. రెండు రాత్రుల ప్రయాణంలో దక్కేది అర రోజు. ఎత్తు సంగతీ చూడాలి. 2500 మీటర్ల పైన నిద్రించే బస ఈ వయసుకు వద్దు. తల నొప్పిగా ఉందని మాటలు రాని పిల్ల చెప్పలేదు. కారణం లేని ఏడుపు, తిండి మానేయడం, వాంతులు, నిద్రపట్టకపోవడం మాత్రమే కనిపిస్తాయి. అవి మామూలు ప్రయాణపు చిరాకులాగే ఉంటాయి కాబట్టి గుర్తించడం ఆలస్యమవుతుంది.

పిల్ల ఎక్కేది

ఇప్పుడు సరంజామా. ఏడాది నిండని పిల్లను సైకిలు మీద గానీ, లాగుడుబండిలో గానీ ఎక్కించవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సలహా. అసలు చిక్కు మెడ దగ్గర. ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ కండరాలు బలహీనం. పైన పావుకిలో హెల్మెట్ పెట్టి గతుకుల మీద కుదిపితే ఆ బరువంతా మెడే మోయాలి. ఏడాది దాటిన పిల్లకైనా రాతిబాట మీద ఇదే చూడాలి: హెల్మెట్‌తో ఇంట్లో ఇరవై నిమిషాలు తల వాలకుండా ఆడుకోగలుగుతోందా?

వీపు మీద క్యారియర్‌లో పిల్లను కట్టుకుని సైకిలు తొక్కడం చర్చించాల్సిన విషయం కూడా కాదు. మీరు పడ్డ ఎత్తు కంటే పై నుంచి, మీ బరువుతో సహా పిల్ల పడుతుంది.

వెనక సీటు రోడ్డుకు బాగుంటుంది, కొండకు కాదు. సీటు, పిల్ల కలిపి పదహారు కిలోలు వెనక చక్రం మీదుగా పైన కూర్చుంటాయి. ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంది, మలుపులో సైకిలు ఒక క్షణం ఆలస్యంగా వాలుతుంది, ప్రతి రాయీ నేరుగా పిల్ల వెన్నుకు తగులుతుంది. వెనక సస్పెన్షన్ (కుదుపు మింగే షాకు) ఉన్న సైకిళ్ళలో చాలావాటికి ఈ సీటు బిగించే వీలే ఉండదు. ఒకవేళ ఇదే వాడితే, పిల్లను సీటులో ఉంచి సైకిలును స్టాండు మీద ఒక్క క్షణం కూడా వదలకండి. కదలని సైకిలు పక్కకు పడినా పిల్ల తల అంత ఎత్తు నుంచీ నేలకు తగులుతుంది, పట్టుకునే చెయ్యి దగ్గరుండదు.

ముందు సీటు, అంటే మీ చేతుల మధ్య పిల్ల కూర్చునేది, రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా పనికొస్తుంది. న్యూజిలాండ్ వాళ్ళ షాట్‌గన్, కెనడా వాళ్ళ మ్యాక్ రైడ్ ఇందులో బాగా తెలిసినవి. పిల్లకు లోకం కనిపిస్తుంది, మీకు పిల్ల మాట వినిపిస్తుంది, బరువు రెండు చక్రాల మధ్య పడుతుంది. ఇవి బిగించేటప్పుడే తప్పులు జరుగుతాయి కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

ఫ్రేముకు బిగించే రకం అయితే కింది గొట్టం మీద బ్రేకు గొట్టాలు, గేరు కేబుళ్ళు నలగకుండా చూడాలి. కార్బన్ ఫ్రేముకు తయారీదారు ఒప్పుకుంటేనే బిగించాలి. మ్యాక్ రైడ్ ఫ్రేమును ముట్టుకోదు. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ కింద ఒక స్పేసర్ (ఉంగరంలాంటి ముక్క) తీసి దాని బదులు అడాప్టరు పెట్టి, వెనక కొసను సీటుపోస్టుకు పట్టిస్తారు. కేబుళ్ళు స్టెమ్ కిందుగా హెడ్‌సెట్‌లోకే, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగుల్లోకే దిగే కొత్త సైకిళ్ళలో ఆ అడాప్టరు ఇమడకపోవచ్చు, కొనేముందే అది చూసుకోండి. స్పేసర్ మార్చారంటే హెడ్‌సెట్ బిగింపు మళ్ళీ మొదటి నుంచి: ముందు పై మూత బోల్టు, తర్వాత స్టెమ్ పక్క బోల్టులు, స్టెమ్ మీద రాసిన టార్కుకు (బిగించే బలానికి), ఎక్కువగా 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు. ఈ వరస తిరగేస్తే పై మూత ఎంత తిప్పినా బిగుసుకోదు. అయ్యాక ముందు బ్రేకు నొక్కి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. టకటకమంటే వదులు. హ్యాండిల్ తానుగా తిరగకుండా పట్టేస్తే మరీ బిగువు.

పిల్లను కూర్చోబెట్టాక ఒకరు సైకిలు పట్టుకుని హ్యాండిల్‌ను రెండు వైపులా చివరి దాకా తిప్పాలి. బూటు కొన ఫోర్కుకు (ముందు చక్రాన్ని పట్టే రెండు కాళ్ళకు) గానీ టైరుకు గానీ తగలకూడదు. అదే స్థితిలో ఫోర్కును అదిమి మళ్ళీ చూడాలి, ఎందుకంటే ఫోర్కు దిగినప్పుడు టైరు పాదానికి దగ్గరవుతుంది. పాదాల పట్టీ తప్పక వేయాలి. వదులుగా వేలాడే షూ లేసు, దుప్పటి కొస, మెడ చుట్టూ గుడ్డ ఏదీ ఉండకూడదు.

పిల్ల బరువుకు తగ్గట్టు సైకిలూ మారాలి. 2.4 అంగుళాల టైరులో మామూలుగా ముందు 22, వెనక 25 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టేవారు రెండు మూడు పీఎస్ఐ పెంచుకోవచ్చు. ఫోర్కు, షాకుల్లో గాలిని మీరిద్దరూ సైకిలు మీద ఉండగా కొలిచి సరిచేయాలి. వెనక షాకు కుంగు, అంటే ఎక్కి కూర్చోగానే అది దిగే లోతు, 30 శాతం దాటితే పెడళ్ళు రాళ్ళకు తగులుతాయి. పెడళ్ళు తప్పనిసరిగా చదునువి. బూటును పట్టి ఉంచే క్లిప్పు పెడల్లోంచి కాలు ఊడిరాని అర సెకను పిల్ల లేనప్పుడు నవ్వులాట, పిల్ల ఉన్నప్పుడు కాదు. మోకాళ్ళు కాస్త బయటికి పెట్టి తొక్కాల్సి వస్తుంది, అరగంటకు తొడలు పట్టేస్తాయి. అది మామూలే.

ఏ బాట? ఐఎంబీఏ, అంటే 1988లో అమెరికాలో మొదలైన అంతర్జాతీయ మౌంటెన్ బైసికిలింగ్ సంఘం, బాటలకు ఇచ్చే గుర్తులు ఇక్కడ పనికొస్తాయి. ఆకుపచ్చ వృత్తం బాట 36 అంగుళాల వెడల్పు, సగటు వాలు 5 శాతం లోపు, తప్పించుకోలేని అడ్డంకులు రెండు అంగుళాల లోపు. నీలి చతురస్రం దగ్గరికి వచ్చేసరికి వెడల్పు 24 అంగుళాలు, అడ్డంకి ఎనిమిది అంగుళాల దాకా. ఆ రెంటి మధ్య తేడా పెద్దవాళ్ళకు సరదా, ముందు సీటు పిల్లకు హ్యాండిల్ మీదుగా ఎగిరిపడే ప్రమాదం. కాబట్టి పిల్లతో ఆకుపచ్చే, అదీ మీరు పొద్దుటి వంతులో ఒక్కరే తొక్కి చూసినదే. రంగులు దేశాన్ని బట్టి మారతాయని కూడా గుర్తుంచుకోండి. బ్రిటన్‌లో నీలానికీ నలుపుకూ మధ్య ఎరుపు ఉంటుంది, అమెరికా పద్ధతిలో ఆ ఎరుపే లేదు. లిఫ్టు ఉండే బైకు పార్కుకు వెళ్తుంటే పిల్లల సీట్లు రానిస్తారో లేదో ముందే అడగాలి.

ఎంతసేపు? ఒక విడతకు ఇరవై, ముప్పై నిమిషాలు. రెండేళ్ళ పిల్ల పట్టు అంతకంటే నిలవదు. ఈ సీట్లలో పిల్లను కట్టే బెల్టు ఉండదు, చేతి పట్టూ కాలి పట్టీయే ఆధారం. మాటలు తగ్గాయంటే నిద్ర వస్తోందని అర్థం. తల వాలేలోపు ఆగి దించాలి, "ఇంకో కిలోమీటరే కదా" అనుకోకూడదు. తిండి కూడా కదులుతున్నప్పుడు వద్దు. గతుకుకు గొంతులో పడితే వెనకనున్న మీకు ముఖం కనిపించదు. గుండ్రటివి, గట్టివి, పప్పు గింజలు అయితే ఆగినా సరే ఈ వయసుకు వద్దు.

ఇక లాగుడుబండి. రెండేళ్ళ లోపు పిల్లకు కొండ ప్రాంతంలో ఇదే సరైనదని నా మాట, కానీ సింగిల్‌ట్రాక్ (ఒక్క సైకిలు పట్టే సన్నబాట) మీద కాదు. కొలతలే చూడండి. ఇద్దరు పిల్లల బండి వెడల్పు దాదాపు 80 సెంటీమీటర్లు. ఆకుపచ్చ బాట 36 అంగుళాలంటే 91. రెండు పక్కలా ఐదున్నర సెంటీమీటర్లు మిగులుతాయి, అంటే మూడు వేళ్ళ మందం. పైగా మలుపులో బండి మీ చక్రం వెళ్ళిన గీత మీద రాదు, లోపలికి కోసుకుని వస్తుంది. మీరు తప్పించిన మోడును బండి లోపలి చక్రం ఎక్కుతుంది, బండి బయటి వైపుకు బోల్తా పడుతుంది. జర్మన్ కంపెనీ టూ టెరాన్ తెచ్చిన సింగిల్‌ట్రైలర్ లాంటి ఒంటి చక్రపు బండ్లు సైకిలుతో పాటే వాలుతాయి కాబట్టి సన్నబాటకు అవే నయం. రెండు చక్రాల బండికి అడవి జీపుదారి, కంకర రోడ్డు, పాత రైలు కట్ట.

తగిలించే చోట ఎక్కువమంది ఇబ్బంది పడతారు. బండి కొక్కెం వెనక ఇరుసుకు బిగుస్తుంది. కొత్త కొండ సైకిళ్ళకు 12 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్ (చక్రంలోంచి దూరి ఫ్రేముకు మరతో బిగిసే ఇరుసు) ఉంటుంది, కొక్కెం మందానికి సరిపడా పొడవైన వేరే యాక్సిల్ కావాలి. దాన్ని కొనడానికి మూడు కొలతలు: హబ్బు (చక్రం నడిమి భాగం) వెడల్పు, యాక్సిల్ పొడవు, మర పిచ్ (మర గీతల మధ్య దూరం). పిచ్ 1.0, 1.5, 1.75 మిల్లీమీటర్లలో ఏదైనా కావచ్చు, చాలాసార్లు మీ పాత యాక్సిల్ మీద రాసి ఉంటుంది. శ్రామ్ కంపెనీ యూడీహెచ్ రకం హ్యాంగరు ఉన్న ఫ్రేములకు 1.0. తప్పు పిచ్ యాక్సిల్‌ను బలవంతంగా తిప్పితే మర చెడిపోయి హ్యాంగరే మార్చాల్సి వస్తుంది. రాబర్ట్ యాక్సిల్ ప్రాజెక్ట్ అనే అమెరికా కంపెనీ పని ఇదే, ఏ ఫ్రేముకు ఏ యాక్సిలో పట్టిక పెడుతుంది. ఇది ప్రయాణానికి ముందు రోజు తెలుసుకునే సంగతి కాదు, నెల ముందు చూసుకోండి. తగిలించాక రక్షణ పట్టీని ఫ్రేము గొట్టం చుట్టూ తిప్పి బండికి కట్టాలి. కొక్కెం ఊడినా బండిని ఆపేది అదే.

బరువు లెక్క కూడా వేసుకోవాలి. డెబ్బై కిలోల మనిషి, పద్నాలుగు కిలోల సైకిలు, మొత్తం 84. బండి, పిల్ల, సామాను కలిపి మరో ముప్పై. 32 పళ్ళ ముందు చక్రం, 51 పళ్ళ వెనక చక్రంతో నిమిషానికి 60 తొక్కులు తొక్కితే వేగం గంటకు సుమారు 5.2 కిలోమీటర్లు. 10 శాతం వాలులో ఆ వేగానికి ఒంటరిగా 135 వాట్ల దాకా కావాలి, బండితో 185. అంటే మామూలుగా కబుర్లాడుతూ ఎక్కే ఎత్తు, బండితో ఊపిరాడని ఎత్తవుతుంది. 5 శాతం వాలు దారి ఎంచుకుంటే ఇద్దరికీ హాయి. దిగేటప్పుడు ఆ ముప్పై కిలోలు వెనక నుంచి నెడతాయి. బ్రేకు పట్టుకుని వేలాడితే డిస్కు కాగి పట్టు తగ్గుతుంది. గట్టిగా నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కాలి. తయారీదార్లు సాధారణంగా గంటకు 24, 25 కిలోమీటర్లు దాటొద్దంటారు. కంకర మీద పదిహేను, మలుపులో పది చాలు.

ముందు పిల్ల లేకుండా పది లీటర్ల నీళ్ళ డబ్బా కట్టి గంట తొక్కి చూడండి. ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది కాబట్టి ఖాళీగా పరీక్షిస్తే ఏమీ తెలియదు. బండి టైరు గాలి, టైరు పక్కన రాసిన హద్దుల్లో కింది అంకెకు దగ్గరగా ఉంచితే కుదుపు తగ్గుతుంది. ముందు వల ఎప్పుడూ మూసే ఉండాలి, మీ వెనక చక్రం చిమ్మే రాళ్ళన్నీ సరిగ్గా పిల్ల ముఖం ఎత్తులో వస్తాయి.

హెల్మెట్ వెనక గుండ్రంగా పొడుచుకుని ఉంటే బండి సీటుకు తగిలి తల ముందుకు వంగిపోతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది. వెనక చదునుగా ఉండే చిన్నపిల్లల హెల్మెట్ తీసుకోండి. కనుబొమలకు రెండు వేళ్ళ పైన అంచు, గడ్డం పట్టీ కింద ఒక వేలు. యూరప్‌లో ఈఎన్ 1080 ప్రమాణం ఉన్న హెల్మెట్ పట్టీ బలంగా లాగితే ఊడుతుంది. ఆటస్థలంలో హెల్మెట్ ఎక్కడైనా చిక్కుకుని మెడ బిగుసుకోకుండా అలా చేశారు. అది ఆటకు మంచిదే, కొండ దిగడానికి ఈఎన్ 1078 ఉన్నది వేయాలి. సైకిలు దిగిన వెంటనే, జారుడుబల్ల ఎక్కేలోపు, హెల్మెట్ తీసేయాలి.

చలి గురించి ఒక్క ముక్క. మీరు చెమటలు కక్కుతుంటారు, పిల్ల కదలకుండా గాలికి ఎదురుగా కూర్చుంటుంది. మీ ఒంటి వేడితో పిల్ల బట్టలు నిర్ణయించకండి, మీకంటే ఒక పొర ఎక్కువ వేయండి. చేతులు కాదు, మెడ వెనక తాకి చూడండి. ఎండలో ప్లాస్టిక్ వాన తొడుగు దించిన బండి దీనికి తలకిందులు, పది నిమిషాల్లో లోపల ఉక్కపోస్తుంది. వాన ఆగగానే తొడుగు ఎత్తాలి.

పిల్ల సొంత సైకిలు

సాయంత్రం చుట్టు కంటే పిల్లకు నచ్చేది పెడళ్ళు లేని బ్యాలెన్స్ బైకు. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ నడిపిన మొట్టమొదటి రెండు చక్రాల బండికీ పెడళ్ళు లేవు, నేలను తన్నుకుంటూ పోవడమే. కాబట్టి మీ పిల్ల సైకిలు చరిత్రను మొదటి నుంచి మొదలుపెడుతోందన్నమాట.

సీటు ఎత్తు పిల్ల కాళ్ళ లోపలి కొలత కంటే మూడు సెంటీమీటర్లు తక్కువ ఉంటే రెండు పాదాలూ చదునుగా ఆని, మోకాలు కాస్త వంగుతుంది. సైకిలు బరువు పిల్ల బరువులో మూడో వంతు దాటకూడదు. గాలి టైరు అయితే కంకర మీద జారదు, ఫోము టైరు జారుతుంది. చేతి బ్రేకు రెండున్నర, మూడేళ్ళ దాకా దండగ, ఆ వేళ్ళకు అందదు. బూట్లే బ్రేకులు, కాబట్టి 3 శాతం కంటే వాలున్న చోట వద్దు. గంటలో నాలుగు వందల మీటర్లు వెళ్తే గొప్ప. మధ్యలో పుల్లలు ఏరడం, రాళ్ళు నీళ్ళలో వేయడం ఉంటాయి, తొందరపెట్టకండి. పంప్ ట్రాకు (తొక్కకుండా ఒంటి ఊపుతో సాగే చిన్న గుట్టల చుట్టు) ఉంటే పెద్ద పిల్లలు లేవక ముందే, పొద్దున్నే వెళ్ళండి. అది పిల్లను చూసుకునే వంతువారికి కూడా ఊరట.

తల నేలకు గట్టిగా తగిలితే, హెల్మెట్ బాగానే కనిపించినా, అది ఇక పనికిరాదు. రెండోది సంచిలో ఉండాలి, లేకపోతే మిగతా రోజులు పిల్ల సైకిలు ఎక్కదు. తగిలాక ఒకటికి రెండుసార్లు వాంతి, లేపినా లేవని మత్తు, ఊరుకోబెట్టలేని ఏడుపు, నడకలో తూలు, వీటిలో ఏది కనిపించినా వంతులు, బాటలు పక్కనపెట్టి నేరుగా ఆస్పత్రి. అది ఎంత దూరమో, ఏ దారో మొదటి రోజే చూసి ఉంచుకోండి.

ఆఖరి రోజు పొద్దున ఎవరూ తొక్కొద్దు. ఒకరు బయట సైకిళ్ళు కడుగుతుంటే ఇంకొకరు లోపల సామాను సర్దాలి. ముందు సీటు విప్పిన వెంటనే టైర్లు, ఫోర్కు, షాకులో పెంచిన గాలి తీసేయండి. ఇంటికి చేరాక గుర్తుండదు, వచ్చే ఆదివారం బండరాయిలా గెంతే సైకిలుకు కారణం వెతుక్కుంటారు. పొడవు యాక్సిల్‌ను మాత్రం కొక్కెంతో సహా అలాగే ఉంచినా నష్టం లేదు.